అల్వాల్ హాల్లో ఆగని గూడ్సు

ఒక ఆదివారం ఉదయం పదకొండు గంటలకు, అల్వాల్‌లో ఒకరింటి ముందు గదిలో, ఉప్మా తిన్న చెయ్యి తడి ఇంకా ఆరకముందే, నేను నలభై బొగ్గు వ్యాగన్ల గూడ్సు బండిని ఎర్ర సిగ్నల్ దాటించి, దాంతోపాటు నా పెళ్లిని కూడా పట్టాలు తప్పించాను. ప్రాణనష్టం లేదు. పరువు నష్టం ఎంత అంటారా, అది మీరే చివరికంటా చదివి లెక్కగట్టుకోండి. నేను చెప్పుకుంటే తక్కువ చేసి చెప్పాడంటారు.

ఐటీ పిచ్చి ముదిరిన రోజులవి. మాది బొబ్బిలి. ఉద్యోగం సికింద్రాబాద్‌లో, మకాం మారేడ్‌పల్లిలో ఒక మేడ మీది గదిలో. కింద ఉన్న ఇంటివాళ్లు నన్ను పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశారు. "సాఫ్ట్‌వేర్ గారూ, ట్యాంకు నిండింది, మోటారు ఆపండి" అనేవారు. నేను కూడా ఏదో పెద్ద బిరుదు ఇచ్చినట్టు గుండె విరుచుకుని వెళ్లి మోటారు ఆపి వచ్చేవాణ్ణి.

ఆఫీసులో ఒక స్నేహితుడు ఇచ్చిన సీడీతో నా జీవితంలోకి రైలు వచ్చింది. కంప్యూటర్లో రైలు నడిపే ఆట. ఆట అంటే అప్పట్లో నాకు కోపం వచ్చేది. "సిమ్యులేటర్" అనాలి. అందులో డీజిల్, కరెంటు ఇంజన్లు బోలెడున్నా నేను వాటివైపు కన్నెత్తి చూడలేదు. నాకు కావలసింది నల్లటి ఆవిరి ఇంజన్. దాని వెనక తోక కనబడనంత పొడుగు బొగ్గు గూడ్సు. ఏదో పరాయి దేశపు కొండలు. ఆ కొండల మీదికి ఆ బరువును ఈడ్చుకుంటూ, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, కుర్చీలో ముందుకీ వెనక్కీ ఊగుతూ, ఇంజన్‌కి నా వంతు బలం కూడా ఇచ్చేవాణ్ణి.

ఇక్కడ మీకొక చిన్న సంగతి చెప్పాలి. చిన్నదని అప్పుడు నేననుకున్నాను. ఆ ఆటలో ఒక గడి ఉంది. అందులో టిక్కు పెడితే ఫైర్‌మన్ పనంతా కంప్యూటరే చూసుకుంటుంది. పొయ్యిలో బొగ్గు వెయ్యడం, బాయిలర్‌లోకి నీళ్లు పంపడం, ఆవిరి తగ్గకుండా కాపాడటం, అన్నీ. మొదటి రోజే ఆ టిక్కు పెట్టేసి, దాని సంగతి మరిచిపోయాను. అంటే వడ్డించిన విస్తరి ముందు కూర్చుని తిని లేచి, "వంట నేనే చేశానండోయ్" అని ఊరంతా చెప్పుకునే రకం అన్నమాట నేను.

ఇప్పుడు మాధవి సంగతి. మాధవి మా ఆఫీసులో టెస్టింగ్ విభాగం. నేను రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. ఆ ఉద్యోగం ఆమె కంపెనీ బస్సులో కూడా మానేది కాదు. అయినా ఏడాది తిరిగేసరికి పెళ్లి చేసుకుందామని ఇద్దరం అనుకున్నాం. మా ఇంట్లో ఒప్పుకున్నారు. వాళ్లింట్లో అమ్మ లేదు. రైల్వేలో గూడ్సు గార్డుగా పనిచేస్తున్న నాన్న, నానమ్మ, తాత. నాన్న సత్తయ్యగారిది ఒకటే మాట: "మా నాయన సరే అంటే నాకు సరే."

ఆ నాయన పేరు మల్లేశం. ఆవిరి ఇంజన్ల కాలంలో గూడ్సు డ్రైవర్. రిటైరై చాలా ఏళ్లయినా అల్వాల్‌లో "మల్లేశం డ్రైవర్ ఇల్లు" అంటే చాలు, ఆటోవాడు ఇంకేమీ అడగకుండా తీసుకెళ్లి దింపుతాడు.

వెళ్లేముందు మాధవి బస్సులో నాకు పాఠం చెప్పింది.

"రమణా, జెర విను. తాత ముంగట ఎక్కువ మాట్లాడకు. అడిగిందానికి జవాబియ్యి. ఇంకోటి, నీ రైలు గేమ్ గురించి మాత్రం నోరు తెరవకు."

"ఎందుకు? ఆయన డ్రైవర్, నేనూ..."

"నువ్వూ ఏంది?"

"ఏమీ లేదు."

"ఆ, గట్లనే ఉండు. ఏమీ లేదు అని."

నేను తలూపాను. ఆ తల ఊపింది నిజమే, కానీ అది నా నోటికి వినబడలేదు.

మొదటిసారి వెళ్లినప్పుడు మల్లేశంగారు వరండాలో చెక్క కుర్చీలో కూర్చున్నారు. డెబ్బై దాటిన మనిషి. మెడ ఇనుప కడ్డీలా నిటారుగా ఉంది. నన్ను కింది నుంచి పైకి ఒకసారి, పై నుంచి కిందికి ఒకసారి చూశారు. బండి కదిలేముందు ఇంజన్‌ని అలాగే చూస్తారని నాకు తర్వాత తెలిసింది.

"ఏం పని చేస్తవు బాబూ?"

"సాఫ్ట్‌వేరండీ."

"అంటే?"

"అంటే... కంప్యూటర్లో ప్రోగ్రాములు రాస్తామండీ. బ్యాంకులకి."

"రాస్తే ఏమైతది?"

ఈ ప్రశ్నకు జవాబు నాకే కాదు, మా మేనేజరుకి కూడా తెలియదు. ఆయన ఇంకేమీ అడగలేదు. గోడ మీది గడియారం టిక్కుటిక్కుమంటోంది. సత్తయ్యగారు చేతిగోళ్లు చూసుకుంటున్నారు. తలుపు చాటున మాధవి ఉందని ఆమె చున్నీ కొస చెబుతోంది. ఆ నిశ్శబ్దం అలా పెరిగి పెరిగి, నా గొంతు దాకా వచ్చి, ఇక ఊపిరాడక, నేను నోరు తెరిచాను.

"నేను కూడా స్టీమ్ ఇంజన్ నడుపుతానండీ. గూడ్సు. హెవీ గూడ్సు. అయిదేళ్ల అనుభవం."

చున్నీ కొస టక్కున మాయమైంది.

మల్లేశంగారి ముఖంలో మాత్రం దీపం వెలిగింది. కుర్చీ ముందుకు జరిపారు. "ఏందీ? స్టీమా? ఏడ? ఏ సెక్షన్ల? ఇప్పుడు స్టీమ్ ఏడున్నది?"

"కంప్యూటర్లోనండీ."

"కంప్యూటర్ల బొగ్గెట్ల వేస్తరు?"

"అన్నీ ఉంటాయండీ. బొగ్గు, నీళ్లు, ఆవిరి, చక్రాలు జారకుండా పట్టాల మీద చల్లే ఇసుక, విజిల్. అచ్చు నిజం ఇంజనేనండీ. కొండలెక్కించడంలో చాలా కిటుకులున్నాయి. మీరు చూస్తే మీకు కూడా కొత్త విషయాలు తెలుస్తాయండీ."

పాఠకులారా, ఈ చివరి వాక్యం నేను నిజంగానే అన్నాను. ముప్పై నాలుగేళ్లు ఇంజన్ మీద ఒళ్లు కాల్చుకున్న మనిషితో, మారేడ్‌పల్లిలో ఫ్యాను కింద కూర్చుని చిప్స్ తింటూ రైలు నడిపిన నేను, "మీకు కొత్త విషయాలు తెలుస్తాయండీ" అన్నాను. ఈరోజుకీ అద్దంలో గడ్డం గీసుకుంటూ అది గుర్తొస్తే బ్లేడు పక్కకు జారుతుంది.

మల్లేశంగారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. చాలా శాంతంగా అన్నారు: "గట్లనా. అయితే వచ్చే ఆదివారం నీ ఇంజన్‌ను ఈడికి తీస్కరా. చూస్త."

వాకిట్లో మాధవి నన్ను పట్టుకుంది. "ఏం చెప్పిన నీకు?"

"నోరు తెరవకు అన్నావు."

"మరి?"

"మూసే ఉంచాను. చివర్లో కొంచెం ఆవిరి లీకైంది."

ఆమె నవ్వలేదు.

ఆదివారం వచ్చింది. అప్పటి కంప్యూటర్లు ఇప్పటిలా సంచిలో పట్టేవి కాదు. నా మానిటర్ ఒక్కటే నిండు గర్భిణీ గేదెలా ఉండేది. దాన్ని ఆటోలో ఒళ్లో పెట్టుకున్నాను. సీపీయూ కాళ్ల మధ్య, స్పీకర్లు చంకల్లో, కీబోర్డు మెడలో. ఆటో అతను అద్దంలో చూసి జాలిపడ్డాడు.

"ఏందన్నా, ఇల్లు ఖాళీ చేస్తున్నవా?"

"లేదు. పెళ్లిచూపులకి వెళ్తున్నా."

అతను అద్దాన్ని పక్కకు తిప్పేశాడు.

ఇంటి ముందు దిగాను. గుమ్మం దగ్గర చెప్పులు చూస్తే ఏదో గుడి దగ్గర్లా ఉన్నాయి. లోపల మల్లేశంగారి స్నేహితులు, రిటైరైన రైల్వే పెద్దలు ఆరుగురు, కుర్చీల్లో వరసగా కూర్చుని ఉన్నారు. మధ్యలో మల్లేశంగారు. ఒంటి మీద పాత నీలం యూనిఫాం, ఇస్త్రీ చేసి. తలకు రుమాలు. నాకోసం కాదు, ఇంజన్ కోసం వేసుకున్నారు.

మానిటర్ బల్ల మీద పెట్టి తీగలు కలిపాను. నానమ్మ ఉప్మా పెట్టింది. "మంచిగ తిను బిడ్డా. గుట్ట ఎక్కాలె గదా" అంది. ఆ ఇంట్లో ఆ రోజు నా పక్షాన మాట్లాడిన ఒకే ఒక్క మనిషి ఆమె.

సత్తయ్యగారు మాత్రం కుర్చీ తీసుకుని మా అందరికీ దూరంగా, వెనక వంటింటి గుమ్మంలో వేసుకున్నారు. చేతిలో పచ్చజెండా, ఎర్రజెండా.

"అక్కడెందుకండీ, ముందుకు రండి, కనబడదు" అన్నాను.

"గార్డు బండి ఎనుకనే ఉంటడు" అన్నారు. ఆయన ముఖంలో నవ్వు లేదు. అది హాస్యం కాదని అప్పుడర్థమైంది.

ఆట మొదలైంది. తెర మీద ఇంజన్ ప్రత్యక్షం కాగానే ఆరుగురు పెద్దలూ ఒక్కసారి "ఆ..." అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. కీబోర్డు మీద వేలు పెట్టాను. బండి కదిలింది.

"ఆపు!" వంటింటి గుమ్మంలోంచి కేక. "నేను జెండా చూపలే! ఎట్ల కదుల్తవ్?"

ఆపాను. మళ్లీ మొదటి నుంచి.

"ఇంజన్ చుట్టూ తిరిగి చూసినవా?" మల్లేశంగారు అడిగారు.

"ఇందులో ఆ అవసరం లేదండీ."

"నూనె పోసినవా?"

"అది కూడా..."

"బ్రేక్ పరీక్ష?"

"లేదండీ."

"మరి ఏం చేసినవ్?"

"ఉప్మా తిన్నానండీ."

ఆరుగురిలో ఒకాయన దగ్గారు. అది నవ్వును దాచుకునే దగ్గు. వెనకనుంచి పచ్చజెండా ఊగింది. ఈల వినబడింది. నేను విజిల్ కొట్టి, ఆవిరి వదిలి, బండి కదిలించాను. చక్కగా వెళ్తోంది. వేగం పెరుగుతోంది. పొగ అందంగా వెనక్కి వెళ్తోంది. ఓరకంట చూశాను. మాధవి తలుపు పక్కన నిలబడి ఉంది. ముఖంలో కొంచెం వెలుతురు కూడా ఉంది. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు మల్లేశంగారు తెర దగ్గరగా వంగారు.

"గా పొయ్యి తలుపు తెరుసుకుంటున్నది, మూసుకుంటున్నది. బొగ్గు ఎవరు వేస్తున్నరు?"

"అది దానంతటదే వేసుకుంటుందండీ."

"దానంతటదా?"

"అవునండీ. ఫైర్‌మన్ పని కంప్యూటరే చూసుకుంటుంది."

"నీళ్లు?"

"అవీ అదే."

"మరి నువ్వు ఈడ కూసోని ఏం చేస్తున్నవ్?"

"డ్రైవింగండీ."

మల్లేశంగారు స్నేహితుల వైపు తిరిగారు. వాళ్లు ఆయన వైపు చూశారు. ఆ చూపుల్లో మొత్తం రైల్వే చరిత్ర ఉంది.

"బాబూ," అన్నారు, "ఫైర్‌మన్ గాకుంట ఎవ్వడు సుత డ్రైవర్ కాలే. నేను పదేండ్లు పార పట్టిన. తీసెయ్ దాన్ని. నువ్వే వెయ్యి."

టిక్కు తీసేశాను. అయిదేళ్లలో నేనెన్నడూ ఆ గడి జోలికి పోలేదు. ముందు కొండ కనబడుతోంది. బొగ్గు వెయ్యడానికి ఒక మీట ఉందని లీలగా గుర్తుంది. నొక్కాను. పార కదిలింది. భలే అనుకుని మళ్లీ నొక్కాను. ఆ తర్వాత ఇక ఆగలేదు. పిండి రుబ్బే మిషనులా టకటకా నొక్కుతూనే ఉన్నాను. పొగగొట్టంలోంచి నల్లటి పొగ బయల్దేరింది. అది కొండని కప్పేసింది, ఆకాశాన్ని కప్పేసింది, తెరలో ఇక మిగిలింది పొగ ఒక్కటే.

"అరే అరే! ఏం చేస్తున్నవ్?"

"బొగ్గు వేస్తున్నానండీ. ఎక్కువ బొగ్గు, ఎక్కువ ఆవిరి."

వంటింట్లోంచి నానమ్మ అంది: "పొయ్యి నిండ కట్టెలు కుక్కితే మంట ఏడ మండుతది బిడ్డా? గాలి ఆడొద్దా?"

అయిదేళ్ల నా అనుభవానికి లేని జ్ఞానం ఆ మాటలో ఉంది. గేజిలో ఆవిరి ముల్లు పడిపోతోంది. జ్వరం తగ్గిన మనిషి థర్మామీటరులా దిగుతోంది.

"నీళ్లు చూడు! నీళ్లు!" మల్లేశంగారు లేచి నిలబడ్డారు.

నీళ్ల మీట ఏదో వెతికి నొక్కాను. అది ఇసుక. మళ్లీ వెతికాను. అది విజిల్. మూడోసారి నీళ్లే దొరికాయి, కానీ ఆపడం ఎలాగో దొరకలేదు. చల్లటి నీళ్లు లోపలికి పడుతూనే ఉన్నాయి. ఉన్న కాస్త ఆవిరీ చల్లారింది. సగం కొండ మీద చక్రాలు ఒక్కసారి గిర్రున జారాయి. ఇంజన్ భోరుమని ఏడ్చినట్టు ఒక శబ్దం చేసి ఆగిపోయింది. తర్వాత నెమ్మదిగా, చాలా మర్యాదగా, వెనక్కి కదలడం మొదలుపెట్టింది.

"ఎనుకకు వస్తున్నది!" అని ఒక పెద్దాయన కేకేశాడు.

"బ్రేకు! బ్రేకు!" అని ఇంకో ఇద్దరు.

"ఓ పిల్లగా, ఎనుక నేనున్న!" అని వంటింటి గుమ్మంలోంచి సత్తయ్యగారు. కాళ్లు రెండూ కుర్చీ మీదికి తీసేసుకున్నారు. ఎర్రజెండా ఊపుతున్నారు. "నలభై వ్యాగన్లు నా మీదికి తోస్తవా? పిల్లనియ్యకముందే మామను సంపుతవా?"

ఎలాగో బ్రేకు దొరికింది. బండి నిలబడింది. ఒళ్లంతా చెమట. తెర మీద ఇంజన్‌కి కూడా పట్టి ఉంటుంది.

అప్పుడు మల్లేశంగారు తన కుర్చీ తెచ్చి నా పక్కన వేసుకున్నారు. తిట్టలేదు. భుజం మీద చెయ్యి వేశారు. ఆ అరచెయ్యి గరుకుగా, బరువుగా ఉంది.

"ఆగు. తొందరపడకు. నీళ్లు బంద్ చెయ్. ఆ, అదే. ఇప్పుడు దాన్ని జెర ఊపిరి తీస్కోనియ్యి. లోపల ఉన్న బొగ్గు మండనియ్యి."

మండనిచ్చాను. అయిదారు నిమిషాలు పట్టింది. ముల్లు లేచింది.

"ఇప్పుడు పల్సగ ఒక పార వెయ్యి. అంతే. ఇంకోటి వద్దు. ఇసుక ఇయ్యి. బ్రేకు మెల్లగ ఇడువు. ఆవిరి కొంచెం... కొంచెం... ఇంజన్ ఏం చెప్తున్నదో విను. మనం చెప్పుడు కాదు, అది చెప్తది."

విన్నాను. నిజం చెబుతున్నాను, ఆ రోజు దాకా నేను ఆ శబ్దాన్ని ఎన్నోసార్లు విన్నాను గానీ వినలేదు. ఒక్కొక్క ఊపిరీ లెక్కపెడుతున్నట్టు, బరువు ఎత్తే మనిషి మూలిగినట్టు, ఇంజన్ కదిలింది. చక్రం జారలేదు. ఒక వ్యాగన్ లంకె బిగుసుకుంది, దాని వెనక ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి. పెద్దలందరూ ఊపిరి బిగబట్టారు. ఒకాయన కుర్చీ చేతిని పట్టుకుని ముందుకు తోస్తున్నాడు, నేను మారేడ్‌పల్లిలో ఊగినట్టే. నలభై వ్యాగన్లూ కదిలాయి. కొండ ఎక్కడం మొదలైంది. ఎక్కింది. ఎక్కుతూనే ఉంది. ఆఖరికి శిఖరం మీదికి చేరింది.

హాలు దద్దరిల్లింది. చప్పట్లు. సత్తయ్యగారు రెండు జెండాలూ కలిపి ఊపేశారు. నానమ్మ గరిటెతో గిన్నె మీద కొట్టింది. మల్లేశంగారు కళ్లద్దాలు తీసి, రుమాలుతో తుడుచుకుంటూ, "ఎన్నేండ్లాయె... ఎన్నేండ్లాయె ఈ సప్పుడు విని" అన్నారు.

కథ ఇక్కడ ఆపేస్తే నేను గొప్పవాణ్ణి. కానీ బండి ఆగలేదు కదా.

నేను కుర్చీలో వెనక్కి వాలాను. కాలర్ సర్దుకున్నాను. తలుపు వైపు తిరిగాను. మాధవి చప్పట్లు కొడుతోందా లేదా, చూడాలి కదా? కొడుతోంది. నవ్వుతోంది కూడా. నేను కనుబొమలు ఎగరేశాను. ఆమె నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. వేలితో నా వెనక తెర వైపు చూపిస్తోంది.

కొండ ఎక్కిన బండి, మరి, దిగుతుంది. ఆవిరి మూయలేదు. బ్రేకు వెయ్యలేదు. నలభై వ్యాగన్ల బొగ్గు వెనకనుంచి తోస్తోంది. నేను తిరిగి చూసేసరికి ఒక ఎర్రటి దీపం తెర మీద ఎడమవైపు నుంచి మెరిసి, పక్కగా వెళ్లిపోయింది. మరుక్షణం బండి దానంతటదే నిలిచిపోయింది. తెల్లటి పెట్టె ఒకటి తెర మధ్యలో తెరుచుకుంది. ఎర్ర సిగ్నల్ దాటారు, మీ ప్రయాణం ముగిసింది అని దాని సారాంశం.

ఇప్పుడు నేను చేసిన అసలు తప్పు వినండి. నవ్వాను.

"పర్లేదండీ," అన్నాను. "నాకిలా చాలాసార్లు అవుతుంది. మళ్లీ మొదలుపెడదాం."

నానమ్మ గరిటె గాల్లోనే ఆగిపోయింది. ఆరుగురు పెద్దల్లో ఒకాయన మెల్లగా లేచారు. "వస్త మల్లేశం" అన్నారు, చావింటి నుంచి వెళ్లేటప్పటి గొంతుతో. తర్వాత ఇంకొకాయన. ఒక్కొక్కరూ చెప్పులేసుకుని వెళ్లిపోయారు. సత్తయ్యగారు రెండు జెండాలూ చుట్టి చంకలో పెట్టుకున్నారు.

మల్లేశంగారు కళ్లద్దాలు పెట్టుకుని, తెర మీది ఆ తెల్లటి పెట్టె వైపు చాలాసేపు చూశారు.

"ముప్పై నాలుగేండ్లు నడిపిన బాబూ," అన్నారు. "ఒక్క ఎర్ర సిగ్నల్ సుత దాటలే. నా దోస్తు ఒకడు ఒక్కసారి దాటిండు. ఎవ్వలకు ఏం కాలే. అయినా వాడు బతికినన్ని దినాలు కడుపు నిండ తినలే. మా దగ్గర మళ్ల షురూ చేసుడు ఉండది."

తీగలు విప్పాను. మానిటర్ ఒళ్లో పెట్టుకుని మారేడ్‌పల్లి వచ్చాను. వచ్చేటప్పుడు అది రెట్టింపు బరువుంది.

సోమవారం బస్సులో మాధవి నా పక్కన కూర్చోలేదు. మంగళవారమూ లేదు. బుధవారం వచ్చి ఒక కవరు చేతిలో పెట్టింది. "తాత ఇచ్చిండు" అని మాత్రం అంది.

విప్పాను. గుండ్రటి అక్షరాలతో, గీతలు కొట్టిన కాగితం మీద ఇలా ఉంది:

"శ్రీ రమణ గారికి. గత ఆదివారమునాడు తమరు నలుబది బొగ్గు వ్యాగన్లు గల గూడ్సు బండిని నడుపుచు, ఎర్ర సిగ్నలును లక్ష్యపెట్టక దాటినారు. పైగా నవ్వినారు. ఇందుకు తమపై చర్య ఏల తీసుకొనరాదో ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

"చార్జిషీటా?" అన్నాను.

"ఆ."

"అంటే సంబంధం వద్దని కాదా?"

"వద్దనుకుంటే చార్జిషీట్ ఎందుకిస్తరు? ఉద్యోగంల ఉన్నోనికే ఇస్తరు" అంది మాధవి. అప్పుడు మొదటిసారి ఆమె పెదవి చివర కొంచెం కదిలింది.

ఆ రోజు ఆఫీసులో బ్యాంకుల పని పక్కనబెట్టి సంజాయిషీ రాశాను. మానిటర్ చిన్నది, కీబోర్డు మీద ఒక మీట ఇరుక్కుపోయింది, ఆ సమయంలో సిస్టమ్ నెమ్మదించింది. మొత్తం మూడు పేజీలు. సాయంత్రం బస్సులో మాధవికి చూపించాను. చదివి, నాలుగు ముక్కలు చేసి నా చేతిలోనే పెట్టింది.

"టెస్టింగ్‌ల నాకు సుత గివే చెప్తవ్. సిస్టమ్ స్లో అయింది, గిది అయింది, గది అయింది. ఏమైందో గది రాయి."

ఆ ముక్కలు జేబులో పెట్టుకుని, ఒక కొత్త కాగితం తీసి, కుదుపుల్లో అక్షరాలు ఎగురుతుండగా అక్కడే రాశాను. మూడే వాక్యాలు.

"కొండ ఎక్కగానే అందరూ చప్పట్లు కొట్టారు. మీ మనవరాలు నన్ను చూస్తోందో లేదోనని వెనక్కి తిరిగాను. సిగ్నల్ చూడలేదు."

తర్వాతి ఆదివారం విచారణ. మానిటర్ లేకుండా వెళ్లాను, ఒళ్లు తేలిగ్గా, గుండె బరువుగా. మల్లేశంగారు యూనిఫాంలోనే ఉన్నారు. సత్తయ్యగారూ నానమ్మా చెరోపక్క. మల్లేశంగారు నా సంజాయిషీ గట్టిగా చదివారు. నానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాధవి తల వంచుకుని నేల మీది పలకలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"సత్తయ్యా," అన్నారు మల్లేశంగారు, "సిగ్నల్ దాటినోళ్లు ఎండ కండ్లల్ల కొట్టింది అని రాస్తరు. పొగ అడ్డమొచ్చింది అని రాస్తరు. పిల్లను చూసిన అని రాసినోణ్ణి నేను ఇంతవరకు చూడలే. నిజం రాసిండు."

"అవును నాయనా."

"నా తప్పు సుత ఉన్నది. గుట్ట ఎక్కినంక నేను అద్దాలు తుడుసుకుంట కూసున్న. బండిల నేను సుత ఉన్న గదా. సిగ్నల్ నేను సుత చూడాలె." అని, జేబులోంచి ఇంకో కాగితం తీశారు. తన మీద తానే రాసుకున్న సంజాయిషీ అది. కింద సంతకం కూడా పెట్టారు. రెండు కాగితాలనూ కలిపి మడిచారు.

"తీర్పు," అన్నారు. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు, కాళ్లే లేచాయి. "రమణను డ్రైవర్ పని నుంచి తీసేసి, ఫైర్‌మన్‌గా వేస్తున్న. ఇగ డ్రైవర్ మా మాధవి. అది చెప్పినప్పుడు బొగ్గు వెయ్యాలె, ఆపమన్నప్పుడు ఆపాలె. సమ్మతమేనా?"

"సమ్మతమేనండీ!" అన్నాను. ఆ గదిలో నేను పలికిన మాటల్లో తప్పు లేని మాట అదొక్కటే.

పెళ్లి ముహూర్తం పెట్టారు. శుభలేఖలు అచ్చు వేయించే పని మల్లేశంగారు మీద వేసుకున్నారు. అల్వాల్‌లోనే అచ్చు వేయించి, మా బొబ్బిలి చుట్టాలందరికీ ఆయనే పోస్టు చేశారు. మాట మీద నిలబడే మనిషి కదా, కాగితం మీద కూడా నిలబడ్డారు. నా పేరు పక్కన, అందరికీ కనబడేంత లావు అక్షరాల్లో వేయించారు: "చి. రమణ, ఫైర్‌మన్."

అమెరికాలో కంపెనీలు మూతపడుతున్నాయి, సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇళ్లకు పోతున్నారు అని పేపర్లు రోజూ రాస్తున్న రోజులవి. శుభలేఖ బొబ్బిలి చేరిన మర్నాడు ఆఫీసుకి మా పెదనాన్న ఫోన్. గొంతు నిండా జాలి.

"ఒరే రమణా, దిగులెట్టుకోకు. సాఫ్ట్‌వేరు ఉద్యోగం ఊడిందని ఊరంతా తెలిసిపోయిందిలే. సిగ్గుపడకు."

"పెదనాన్నా, అది కాదు..."

"బొగ్గేస్తే మాత్రం ఏటిరా? గవర్మెంటుద్యోగం. పింఛనుంటాది. ఆ కంప్యూటర్ల కన్నా వెయ్యిరెట్లు నయం. మీ అమ్మ కూడా ఇప్పుడే ధైర్యంగా ఉంది."

పెళ్లికి మా వైపు చుట్టాలు మూడు బోగీల మంది దిగారు. సాఫ్ట్‌వేర్ పెళ్లికొడుక్కైతే అంతమంది వచ్చేవారు కారేమో. ప్రతి ఒక్కరూ అక్షింతలు వేస్తూ నా చెవిలో ఒకటే అడిగారు: "మా వాడికి కూడా ఫైర్‌మన్ పోస్టు వేయించగలవా?"

కాబట్టి, ఈ అచ్చు కాగితం సాక్షిగా, నా పక్కన కూర్చుని ఇది చదివి తప్పులు దిద్దుతున్న నా డ్రైవర్ సాక్షిగా, గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. చెమటోడ్చి పని నేర్చుకున్న మనిషి ముందు కూర్చుని "నాకు అయిదేళ్ల అనుభవం" అనే మాట ఈ జన్మలో మళ్లీ అనను. చప్పట్లు వినబడితే ముందు సిగ్నల్ చూసి, తర్వాతే పెళ్లాం వైపు చూస్తాను. ఫైర్‌మన్ పోస్టు గురించి నన్ను ఇంకా అడుగుతున్న చుట్టాలకు ఒక్క మనవి: ఖాళీలు లేవు. నేనింకా రిటైర్ కాలేదు.